గురుద్వారా వాళ్లు, మసీదు వాళ్లు కలిసి కూర్చోవాలంటే: బస్తీలో ఎలా మొదలుపెట్టాలి

"మా గురుద్వారాలో ఇఫ్తార్ ఇద్దామనుకుంటున్నాం, ఏం వండాలి?" "సర్దార్జీలు లంగర్‌కు (గురుద్వారాలో అందరికీ పెట్టే ఉచిత భోజనానికి) పిలిచారు, వెళితే ప్రసాదం తీసుకోవాల్సిందేనా?" రంజాన్ దగ్గర పడుతుంటే ఒకటి, గురునానక్ జయంతి వస్తుంటే ఇంకొకటి. ఏటా ఇవే ప్రశ్నలు, మనుషులే వేరు. విడివిడిగా జవాబులు చెప్పే బదులు మొత్తం ఒకచోట రాస్తున్నాను.

రాసేది ముఖ్యంగా హైదరాబాద్‌ను దృష్టిలో పెట్టుకుని. ఇక్కడి సిక్కులు నిన్నగాక మొన్న వచ్చినవాళ్లు కాదు. పంజాబ్ ఏలిన మహారాజా రంజిత్ సింగ్ కాలంలో, 1832లో, నిజాం కొలువుకు వచ్చిన లాహోరు ఫౌజు (సైన్యం) వారసులు అత్తాపూర్, కిషన్‌బాగ్ వైపు సిక్ ఛావనీలో తరాలుగా ఉన్నారు. బరంబాలా గురుద్వారా వాళ్లదే. సిక్కుల పుణ్యక్షేత్రం హజూర్ సాహిబ్ ఉన్న నాందేడ్ కూడా 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రంలోనిదే. ఈ దక్కనీ సిక్కులకు ఉర్దూ వచ్చు, తెలుగు వచ్చు. పంజాబ్‌లో కొత్త ఊరికి వెళ్లిన బీహార్ ముస్లిం కూలీకి ఉండే భాష ఇబ్బంది మనకు లేదు. ఉన్న ఇబ్బందల్లా పక్కపక్కనే బతుకుతూ ఒకరి గుమ్మం ఒకరు తొక్కకపోవడం.

ముందు ఏమేం ఉండాలి

- రెండు వైపుల నుంచి ఇద్దరేసి మనుషులు. పేరున్నవాళ్లు కానక్కర్లేదు, ఫోన్ ఎత్తేవాళ్లు అయితే చాలు. అటొకరు ఇటొకరు ఆడవాళ్లు ఉంటే సగం పని అయినట్టే.
- గురుద్వారా ప్రధాన్, మసీదు సదర్, అంటే రెండు కమిటీల అధ్యక్షుల ఒప్పుదల. గురుద్వారాలో గ్రంథం చదివే గ్రంథీజీకి, ఇమాం సాబ్‌కు ముందే తెలిసి ఉండాలి.
- యాభై మంది కూర్చునే చోటు, కొళాయిలు, శుభ్రమైన దుప్పట్లు.
- నాలుగైదు వేల ఖర్చు. ఒకే నాయకుడి జేబులోంచి వద్దు, పదిమంది తలా కొంచెం వేసుకోండి. ఎవరు డబ్బిస్తే బ్యానర్ మీద వాళ్ల బొమ్మ పడుతుంది.
- రెండు పంచాంగాలు. రంజాన్ ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. గురునానక్ జయంతి కార్తీక పౌర్ణమికి, వైశాఖీ ఏప్రిల్ 13 లేదా 14న. మొదటి కలయికను పెద్ద పండుగ రోజున పెట్టుకోకండి, ఆతిథ్యమిచ్చేవాళ్లకే ఆ రోజు ఊపిరాడదు.

1. ఇద్దరితో మొదలుపెట్టండి

సభతో మొదలుపెట్టకండి. మీ వీధిలో ఆటో స్పేర్ పార్టుల కొట్టు సర్దార్జీదై, పక్కన వెల్డింగ్ షాపు భాయ్‌ది అయితే అక్కడే ఛాయ్ తాగుతూ మొదలవుతుంది. "మేం అనుకుంటున్నది ఇది, మీకెలా అనిపిస్తుంది?" అని అడగండి. "రండి" అని పిలిచే ముందు "రావాలంటే మీకు అడ్డేంటి?" అని అడగడం ఇంకా మంచిది. నమాజు వేళ, ఆడవాళ్లకు చోటు, కిర్పాన్ (సిక్కులు మతనియమంగా ధరించే చిన్న కత్తి), మాంసం, అన్నీ ఆ ఒక్క ప్రశ్నకే బయటికొస్తాయి.

2. కమిటీల మాట తీసుకున్నాకే బయటికి చెప్పండి

2021 నవంబరులో గురుగ్రామ్‌లో బహిరంగ స్థలాల్లో జుమా (శుక్రవారం) నమాజుకు అభ్యంతరాలు వచ్చినప్పుడు అక్కడి ఒక గురుద్వారా తమ ఆవరణ ఇస్తామని ముందుకొచ్చింది. మాట గొప్పది. అయితే నమాజు జరగకముందే అది దేశమంతటా వార్తయింది, ఒత్తిళ్లు మొదలయ్యాయి, చివరికి ఆ శుక్రవారం అక్కడ నమాజు జరగలేదు. మంచి పనికి కూడా కొన్నాళ్లు చప్పుడు లేకపోవడమే మంచిది. కమిటీలో ఒప్పుకోని ఇద్దరు ముగ్గురు తప్పకుండా ఉంటారు. వాళ్లతో విడిగా, ఇంటికి వెళ్లి మాట్లాడండి. సంగత్ (గురుద్వారాకు వచ్చే భక్తులు) ముందో, జుమా జనం ముందో నిలదీస్తే వాళ్లు శాశ్వతంగా ఎదురు తిరుగుతారు.

కమిటీ కాదంటే? గురుద్వారాలో వద్దు, మసీదులో వద్దు. స్కూలు హాలో, కమ్యూనిటీ హాలో చూడండి. అదీ కాకపోతే రెండు కుటుంబాలు ఒకరింటికొకరు భోజనానికి వెళ్లండి. ఇది చిన్న మెట్టు అనుకోకండి. చాలాచోట్ల ఇదే గట్టిది.

3. శాకాహారమే వండండి

దీని మీద చర్చ పెట్టకండి. హలాల్ పద్ధతిలో కోసిన మాంసాన్ని సిక్కులు 'కుఠా' అంటారు, అమృతం తీసుకున్న, అంటే ఖాల్సా దీక్ష తీసుకున్న సిక్కుకు (అమృతధారికి) అది నిషిద్ధం. ముస్లింలకేమో హలాల్ కానిది నిషిద్ధం. ఒకరికి తప్పనిసరి అయినదే ఇంకొకరికి కూడనిది కాబట్టి మాంసంతో మధ్యేమార్గం లేదు. లంగర్ ఎటూ శాకాహారమే కనుక పప్పు, రోటీ, అన్నం, కూర, ఖీర్‌తో అందరి ఆకలీ తీరుతుంది.

యాభై మందికి లెక్క ఇలా వేసుకోండి: బియ్యం 5 కిలోలు, గోధుమపిండి 5 కిలోలు, పప్పు రెండున్నర కిలోలు, కూరగాయలు 6 కిలోలు. ఇఫ్తార్ అయితే మనిషికి మూడు చొప్పున కిలోన్నర ఖర్జూరం, పండ్లు, దహీ వడ, కావలసినన్ని మంచినీళ్లు.

జాగ్రత్త: అతిథులు ప్రేమగా ఖీమా సమోసాలో, హలీమ్ డబ్బాలో పట్టుకొస్తారు. లంగర్ వంటింట్లోకి మాంసం, గుడ్లు రాకూడదు. "ఏమైనా తేవాలనిపిస్తే పండ్లు తెండి" అని పిలిచేటప్పుడే చెప్పేయండి. రంజాన్‌లో పక్కింటి సర్దార్జీకి హలీమ్ పంపే ముందూ ఒక మాట అడగండి. సిక్కుల్లోనూ అందరూ అమృతధారులు కారు, కొందరు నవ్వుతూ గిన్నె చాపుతారు, కొందరు చేతులు జోడిస్తారు. బక్రీద్‌కు మాంసం బదులు షీర్ ఖుర్మా గానీ డ్రైఫ్రూట్స్ గానీ పంపితే అసలు సందేహమే లేదు.

4. గురుద్వారాకు వెళ్లే ముస్లిం మిత్రులకు

చెప్పులు విడిచి, చేతులు కడుక్కుని, తల కప్పుకుని వెళ్లండి. గుమ్మం దగ్గర రుమాళ్లు ఉంటాయి. జేబులో సిగరెట్టు, గుట్కా, జర్దా ఉంటే బయటే పెట్టేయండి. సిక్కులకు పొగాకు చిన్న విషయం కాదు. దర్బారు హాల్లో (ప్రార్థన జరిగే హాల్లో) సిక్కుల పవిత్ర గ్రంథం గురు గ్రంథ్ సాహిబ్ వైపు కాళ్లు చాపకుండా కూర్చోవాలి.

అందరినీ తొలిచే ప్రశ్న: తల వంచి మొక్కాలా? అక్కర్లేదు. సిక్కులు మత్థా టేకుతారు, అంటే నుదురు నేలకు ఆనించి మొక్కుతారు. మీరు అల్లాకు తప్ప ఇంకెవరికీ సాష్టాంగపడరన్న సంగతి వాళ్లకు తెలుసు. మౌనంగా నిలబడి, పక్కకు వచ్చి కూర్చోండి. ఆ సంగతి ఆతిథ్యమిచ్చేవాళ్లు కూడా తమ సంగత్‌లో పెద్దవాళ్లకు ముందే చెప్పి ఉంచాలి, లేకపోతే వెనక నుంచి ఎవరో "మొక్కు బాబూ" అంటారు.

కడా ప్రసాదం (హల్వా) దర్బారులో అర్దాస్, అంటే ప్రార్థన, చేసి పంచుతారు. తీసుకునేవాళ్లు రెండు చేతులూ దోసిలి పట్టాలి. మనసు ఒప్పకపోతే చేతులు జోడించి తల ఊపండి, చాలు. తీసుకుని పక్కన పెట్టేయడం మాత్రం వద్దు, అది నిజంగా నొప్పిస్తుంది. లంగర్ అన్నానికి కూడా అర్దాస్ జరుగుతుంది. ఎవరైనా అడిగితే దాచకుండా చెప్పండి. తినాలో వద్దో వాళ్లే తేల్చుకుంటారు. తర్వాత తెలిస్తే మోసపోయామనుకుంటారు.

5. మసీదుకు వెళ్లే సిక్కు మిత్రులకు

తలపాగా ఉంది కాబట్టి తల గురించి బెంగ లేదు. నమాజు చేస్తున్నవాళ్ల ముందు నుంచి నడవకండి. ఐదు పూటల మధ్య ఖాళీ వేళ, ఉదయం పది పదకొండు గంటలప్పుడు, మొదటిసారి చూడటానికి అనువు. జుమా రోజు జనం ఎక్కువ, ఎవరూ మీతో తీరిగ్గా మాట్లాడలేరు.

రెండు విషయాలు ముందే తేల్చుకోవాలి. ఒకటి కిర్పాన్. అమృతధారి దాన్ని విడిచి రాడు, విడిచి రమ్మని అడగనూ కూడదు. రాజ్యాంగం 25వ అధికరణం వివరణలోనే కిర్పాన్ ధరించే హక్కు ఉంది. ఇమాం సాబ్ ముందే తనవాళ్లకు ఒక మాట చెబితే గుమ్మం దగ్గర గొడవ ఉండదు. రెండోది ఆడవాళ్లు. సిక్కు కుటుంబాలు మగా ఆడా కలిసే వస్తాయి, మన మసీదులు చాలావాటిలో ఆడవాళ్లకు చోటు లేదు. "కుటుంబంతో రండి" అని పిలిచి, వచ్చాక ఆడవాళ్లను గేటు బయట నిలబెట్టడం కన్నా పెద్ద అవమానం లేదు. చోటు లేకపోతే మసీదు చూడటం మగవాళ్లకు పెట్టి, భోజనం పక్కనున్న ఫంక్షన్ హాల్లోనో ఎవరింట్లోనో అందరికీ పెట్టండి.

6. గురుద్వారాలో ఇఫ్తార్ అయితే, గడియారం చూసుకోండి

ఇక్కడే ఎక్కువమంది బోల్తా పడతారు. ఇఫ్తార్ సూర్యాస్తమయానికి. సిక్కుల సాయంత్ర ప్రార్థన పాఠం రహిరాస్ కూడా ఇంచుమించు ఆ వేళకే. రెండూ ఒకే హాల్లో పెట్టాలని చూస్తే రెండూ చెడతాయి. దర్బారులో రహిరాస్ మామూలుగా జరగనివ్వండి, ఇఫ్తార్ లంగర్ హాల్లో పెట్టండి. పాఠానికి వెళ్లాల్సినవాళ్లు వెళతారు, సేవకు పదిమంది లంగర్ హాల్లో ఉంటారు.

వరుస ఇలా ఉంటే బాగుంటుంది: అస్తమయానికి అరగంట ముందు అతిథులు వస్తారు. పావుగంట ముందు పళ్లేలు సిద్ధం. అజాన్ వేళకు ఖర్జూరం, నీళ్లు. తర్వాత మగ్రిబ్ (సూర్యాస్తమయ) నమాజుకు విడిగా ఒక గదిలో శుభ్రమైన దుప్పట్లు. హైదరాబాద్ నుంచి ఖిబ్లా (నమాజుకు తిరగాల్సిన మక్కా దిక్కు) పడమరకు, కొంచెం వాయవ్యం వైపు వస్తుంది, ఫోన్లో సరిచూసుకోండి. వజూకు (నమాజు ముందు కాళ్లూ చేతులూ ముఖమూ కడుక్కోవడానికి) కొళాయి చూపించండి. నమాజు అయ్యాక అందరూ ఒకే పంగత్‌లో (నేల మీద ఒకే వరుసలో) లంగర్.

ఉపన్యాసాలు ఉంటే భోజనం తర్వాతే. రోజంతా నీళ్లు ముట్టని మనిషి ముందు ఖర్జూరం పెట్టి, ఎమ్మెల్యే గారు ఇంకా రాలేదని ఆపడం లాంటి పాపం ఇంకోటి లేదు.

7. చరిత్రను ఎప్పుడు, ఎలా తేవాలి

మొదటి కలయికలో తేకండి. మూడోసారో నాలుగోసారో.

తెస్తే రెండు అంచుల్నీ తప్పించుకోవాలి. "మనం ఎప్పుడూ అన్నదమ్ములమే" అంటే అబద్ధం. 1606లో జహంగీర్ కాలంలో గురు అర్జన్, 1675లో ఔరంగజేబు కాలంలో గురు తేగ్ బహాదూర్ ప్రాణాలర్పించారు. 1947లో పంజాబ్ రెండు వైపులా రక్తం పారింది, ముస్లింల శవాలూ సిక్కుల శవాలూ రైళ్లలో వచ్చాయి. దీన్ని దాస్తే పెద్దవాళ్లు నోరు మూసుకుని కూర్చుంటారు, ఇంటికెళ్లి మనవళ్లకు చెబుతారు. అలాగని లెక్కలు తేల్చే పంచాయితీ పెట్టినా పని చెడుతుంది. ఒక నియమం పెట్టుకోండి: ఎవరి ఇంట్లో విన్నది వాళ్లే చెప్పాలి, మిగతావాళ్లు వినాలి, జవాబు చెప్పకూడదు.

చెప్పుకోదగ్గవీ బోలెడు. గురునానక్ వెంట రబాబు (తంతి వాద్యం) పట్టుకుని తిరిగిన భాయీ మర్దానా ముస్లిం. గురు గ్రంథ్ సాహిబ్‌లో సూఫీ కవి షేక్ ఫరీద్ బాణీ (పద్యాలు) ఉంది. గురు గోవింద్ సింగ్ చిన్న కొడుకులిద్దరినీ సర్హింద్‌లో బతికుండగానే గోడలో పెట్టి కట్టేయబోతే పంజాబ్‌లోని మాలేర్‌కోట్లా నవాబు షేర్ మహమ్మద్ ఖాన్ అది అధర్మమని ఎదురు చెప్పాడు. ఆయన మాట చెల్లలేదు, పిల్లలు బతకలేదు. కానీ సిక్కులు దాన్ని మరిచిపోలేదు. 1947లో చుట్టూ ఊళ్లు తగలబడుతుంటే మాలేర్‌కోట్లా మాత్రం భద్రంగా ఉంది, ఇప్పటికీ అక్కడ 'హా దా నారా' (అన్యాయం మీద ఎత్తిన గొంతు) పేరుతో గురుద్వారా ఉంది. హర్‌మందిర్ సాహిబ్‌కు (అమృత్‌సర్ స్వర్ణదేవాలయానికి) పునాదిరాయి సూఫీ గురువు మియాన్ మీర్ వేశారన్నది సంప్రదాయంలో వినిపించే మాట, చరిత్రకారులందరూ ఒప్పుకోరు. చెబితే ఆ సంగతి కలిపే చెప్పండి.

ఇవి చెప్పేటప్పుడు ఒక చిక్కుంది. అన్ని కథల్లోనూ "మంచి ముస్లిం" సిక్కుకు మేలు చేసినవాడే అయితే, వింటున్న ముస్లిం కుర్రాడికి తాను పరీక్ష రాస్తున్నట్టు ఉంటుంది. కాబట్టి ఇటు నుంచి అటు కూడా చెప్పండి. 2019లో పుల్వామా దాడి తర్వాత ఉత్తరాదిలో చదువుకుంటున్న కశ్మీరీ విద్యార్థులను సిక్కులు తమ దగ్గర ఉంచుకుని, తిండిపెట్టి, క్షేమంగా ఇళ్లకు పంపారు. 2020 ఫిబ్రవరి ఢిల్లీ అల్లర్లలో గోకుల్‌పురిలో సిక్కు తండ్రీకొడుకులు తమ పేట ముస్లింలను బండ్ల మీద ఎక్కించుకుని, కొందరి తలలకు తలపాగాలు చుట్టి మరీ దాటించారు.

8. కలిసి చేసే పని ఒకటి పెట్టుకోండి

తిండితో పరిచయం అవుతుంది, పనితో నమ్మకం వస్తుంది. రక్తదాన శిబిరం, వానాకాలం నాలా పొంగితే అన్నం పొట్లాలు, ప్రభుత్వాసుపత్రి బయట రోగుల బంధువులకు భోజనం. ఏదైనా ఒకటే, నెలకోసారి, ఒకే రోజున. వంట బాధ్యత కలిపి వేయండి: ఇద్దరు ఇటువాళ్లు, ఇద్దరు అటువాళ్లు ఒకే గిన్నె దగ్గర. "మీరు పప్పు, మేం అన్నం" అని పంచుకుంటే పక్కపక్కన రెండు వంటలవుతాయి గానీ స్నేహం కాదు.

9. చెడ్డ రాత్రికి ముందే సిద్ధపడండి

మిగతావన్నీ వదిలేసినా ఇది వదలకండి.

2014 మే నెలలో కిషన్‌బాగ్ దగ్గర నిశాన్ సాహిబ్, అంటే సిక్కుల మత జెండా, కాలిందన్న విషయం మీద తెల్లవారేసరికి ఘర్షణ అయింది, పోలీసు కాల్పుల్లో ముగ్గురు చనిపోయారు, కర్ఫ్యూ పెట్టారు. తరాలుగా పక్కపక్కనే ఉన్న పేటల్లో జరిగిందిది. అలాంటి వేళ రెండువైపులా ఒకరికొకరు ఫోన్ చేసుకోగల మనుషులు ఎంతమంది ఉంటారన్నదే తేడా తెస్తుంది. మొన్న తిన్న లంగర్ ఫొటో ఆ పూట దేనికీ పనికిరాదు.

ఇవి కాగితం మీద రాసి పెట్టుకోండి:

- ఎనిమిది నంబర్లు: అటు ముగ్గురు, ఇటు ముగ్గురు, స్టేషన్ ఇన్‌స్పెక్టర్, పీస్ కమిటీలో ఒకరు. అర్ధరాత్రి కూడా ఎత్తుతామని మాట ఇచ్చినవాళ్లే ఉండాలి. అత్యవసరమైతే 100 లేదా 112.
- ఏ వార్త వచ్చినా ముందు ఫోన్, తర్వాతే ఫార్వర్డ్. అడిగే ప్రశ్నలు మూడే: నువ్వు కళ్లారా చూశావా? ఎక్కడ? ఎన్నింటికి?
- జెండాకో, గ్రంథానికో, మసీదు గోడకో నష్టం జరిగితే అక్కడ ఏదీ కదపకండి, ఫొటో తీసి గ్రూపుల్లో వేయకండి. అటొకరు ఇటొకరు పెద్దలు కలిసి అక్కడికి వెళ్లాలి, విడివిడిగా కాదు. పోలీసులకు ఫిర్యాదు మీద ఇద్దరి సంతకాలూ ఉండాలి.
- వాయిస్ మెసేజ్ ముందే సిద్ధంగా ఉండాలి. ఇలా ఉంటే చాలు: "నేను ఫలానా, గురుద్వారా నుంచి. నా పక్కన మసీదు సదర్ సాబ్ ఉన్నారు. మేమిద్దరం ఇప్పుడే చోటు చూశాం. పోలీసులకు చెప్పాం. ఎవరూ బయటికి రావొద్దు, పిల్లల్ని ఇంట్లో ఉంచండి. గంటలో మళ్లీ చెబుతాం." రెండు గొంతులూ వినపడాలి. గంటలో అన్నారు కాబట్టి, చెప్పడానికి ఏమీ లేకపోయినా గంటలో మళ్లీ చెప్పాలి.
- గురుద్వారాకూ మసీదుకూ సీసీ కెమెరాలు పనిచేస్తున్నాయో లేదో నెలకోసారి చూడండి.

నిప్పు రాజేసే ఇంకో విషయం ప్రేమ పెళ్లి. 2021లో శ్రీనగర్‌లో ఒక సిక్కు అమ్మాయి పెళ్లి మీద ఢిల్లీ దాకా ఆందోళనలు నడిచాయి. మీ బస్తీలో అలాంటిది వస్తే మీ బృందం తీర్పు చెప్పకూడదు. ఇద్దరూ పెద్దవాళ్లయితే అది వాళ్ల నిర్ణయం, బలవంతమన్న ఫిర్యాదు ఉంటే కోర్టు చూస్తుంది. బృందం పని ఒకటే: రెండు కుటుంబాల గొడవ రెండు మతాల గొడవ కాకుండా ఆపడం. ఈ మాట గొడవ రాకముందే అనుకుని ఉంచుకోండి, వచ్చాక ఎవరి మాటా ఎవరికీ వినపడదు.

తరచూ చేసే తప్పులు

"పన్నెండు గంటలయింది సర్దార్జీ" జోకు. వాళ్లు నవ్వుతారు, మళ్లీ రారు. అటు నుంచి ఇండియా-పాకిస్తాన్ క్రికెట్ రోజున "ఇవాళ ఎవరి వైపు?" అన్న వేళాకోళమూ ఇదే కోవ.

తలపాగా సరదాకి చుట్టించుకుని సెల్ఫీలు. దస్తార్ (తలపాగా) గౌరవంగా చుడితే గౌరవం, వేషంలా చుడితే అవమానం.

ఇద్దరం కలిసి మూడోవాళ్ల మీద అన్న ధోరణి. "మనం ఇద్దరం మైనారిటీలం, వాళ్లు చూడండి" అని మొదలైతే అది స్నేహం కాదు, కూటమి. ఎదురుగా ఉన్న శత్రువు పోగానే అదీ పోతుంది. పక్కింటి హిందువులనూ క్రైస్తవులనూ అదే పంగత్‌లోకి పిలవండి.

ఎన్నికల ఏడాదిలో మొదలుపెట్టడం. తప్పదనుకుంటే వేదిక, మైకు, బ్యానర్ ఏవీ లేకుండా.

పని జరుగుతోందో లేదో చూసుకోవడం

ఎంతమంది వచ్చారన్నది లెక్క కాదు. ఆరు నెలలయ్యాక ఇవి అడిగి చూడండి. మీరు కాకుండా ఇంకెవరైనా రెండోసారి పిలుపు పంపారా? ఒకరింటి చావుకు ఇంకొకరు పిలవకుండా వెళ్లారా? పెళ్లికార్డు అటూ ఇటూ మారిందా? ఏదైనా చెత్త వీడియో గ్రూపులో పడినప్పుడు "ఆగండి, నేను అడిగి చెబుతా" అని ఒక్కడైనా అన్నాడా? ఈ చివరిది ఒక్కసారి జరిగినా మీ ఖర్చు వసూలైంది.

ఫోన్ల సంగతిని పరీక్షించే మార్గం తేలికే. ఏ గొడవా లేని ఒక రాత్రి పదకొండింటికి ఆరుగురికీ వరుసగా కాల్ చేయండి. నలుగురు ఎత్తితే బాగున్నట్టే. ఇద్దరే ఎత్తితే నంబర్లు మార్చండి.

ప్రతిసారీ అవే నాలుగు ముఖాలు వస్తుంటే ఇఫ్తార్లు, లంగర్లు ఓ ఏడాది ఆపేసి పిల్లల మీదికి మళ్లండి. రెండు పేటల కుర్రాళ్లను కలగలిపి క్రికెట్ జట్లు చేయండి, సిక్కుల జట్టు ముస్లింల జట్టు అని విడదీయకుండా. అంపైర్‌గా మాత్రం ఇద్దరికీ చెందని మనిషిని పెట్టుకోండి.